చేతులు మారిన సామాను

కొత్త ఇంట్లోకి పాత సామాను తేవచ్చునా అన్న చర్చ మా ఇంట్లో దాదాపు ఆరు నెలలు నడిచింది. ఇల్లు చిన్నదే. రాయచూరు ఊరి అంచున రెండు గదులూ, ఒక వంటిల్లూ, ముందర నాలుగు అడుగుల అరుగూ. బ్యాంకు అప్పు గోడల దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి కావలసినవన్నీ కొత్తవే కొనాలంటే మరో అప్పు చెయ్యాలి. కనుక పాతవి కొందామన్న ఆలోచన మొదట డబ్బు లేక వచ్చిందే తప్ప ఏదో ఆదర్శం కొద్దీ వచ్చింది కాదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. లేమిని సిద్ధాంతంగా ముస్తాబు చెయ్యడం మన చదువుకున్నవాళ్ళకు అలవాటు.

అయితే ఒక్కొక్క వస్తువే గుమ్మం దాటి లోపలికి వస్తుంటే, ఇది డబ్బుతో తేలే సంగతి కాదని తెలిసివచ్చింది. శక్తినగర్ థర్మల్ కేంద్రంలో పనిచేసి బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక ఉద్యోగి దగ్గర టేకు మంచం కొన్నాను. మంత్రాలయం వైపు నుంచి వచ్చిన ఇనప బీరువా ఒకటి తీన్ కందిల్ దగ్గర పాత సామాన్ల వ్యాపారి ఇచ్చాడు. దాని తలుపు మీద నడుము ఎత్తున సన్నటి తుప్పు గీత ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు ఆ ఇంట్లో నీళ్ళు అంతవరకు నిలిచాయట. వంటింటి తలుపూ ద్వారబంధమూ శ్రీశైలం నీళ్ళలో పోయిన ఊరివి అని అమ్మినాయన చెప్పాడు. రుబ్బురోలూ, ఉయ్యాలా, ఒక ఇత్తడి గుండిగా సింధనూరు దగ్గర ఒక క్యాంపు నుంచి వచ్చాయి. నేల మీద పరిచిన షాబాదు బండల్లో సగం, పడగొట్టిన ఒక పాత బడివి.

ఈ సామానుకు మన భాషలో మర్యాదైన పేరు లేదు. కన్నడంలో హళే సామాను అంటారు. మరీ పాతదైతే గుజరి. మనవాళ్ళు సెకండ్ హేండ్ అంటారు. ఆ మాట ఎన్నో చేతిదో మాత్రం చెప్పదు. నా మంచం రెండో చేతిదో, అయిదో చేతిదో ఎవరికి తెలుసు?

అభ్యంతరాలు మూడు వచ్చాయి. మొదటిది మా అమ్మది. "ఆ మంచం మీద ఎవరు పోయారో ఏమో, తెలిసి తెలిసి ఇంట్లోకి తెస్తావట్రా?" అంది. రెండోది బంధువులది. వాళ్ళు పైకి అనలేదు కాని, గృహప్రవేశం నాడు బీరువా మీద తుప్పు గీతను చూసిన చూపుల్లో అది ఉంది. అది పరువు. మూడోదాన్ని ఎవరూ లేవనెత్తలేదు. నాకే రాత్రిళ్ళు తోచింది. నా ఇల్లు నిండుతున్నదంటే ఎక్కడో ఒక ఇల్లు ఖాళీ అవుతున్నట్టే గదా! ఆ ఖాళీతో నాకేమైనా సంబంధం ఉందా లేదా?

మొదటి రెండింటినీ త్వరగా తేల్చుకోవచ్చు. మూడోది అంత సులువుగా తేలదు.

మైల, అరిష్టం అన్న భయాన్ని నేను వెక్కిరించను. ఒకరు వాడినదాన్ని ముట్టడానికి వెనకాడడం మనలో చాలా లోతుగా ఉంది. నల్లుల భయమైతే దానికి మందుంది. మంచాన్ని ఎండలో వేసి, సందుల్లో సలసల మరిగిన నీళ్ళు పోస్తే సరిపోతుంది. కాని మన భయం నల్లులది కాదు, మనుషులది. వాడినవాడు ఎవరు, వాడి కులమేమిటి, వాడు సుఖంగా పోయాడా, కష్టపడి పోయాడా అన్నది. అయితే ఆ భయం కూడా తనకు అనువైన చోటనే లేస్తుంది. ఆస్పత్రి మంచం మీద అంతకు ముందు రాత్రి ఎవరు కన్ను మూశారని ఏ రోగీ అడగడు. రైలు బెర్తు మీద పడుకునేవాడు నిన్నటి ప్రయాణికుడి గోత్రం విచారించడు. హోటల్లో కాఫీ లోటా ఎన్ని పెదవులకు తగిలిందో ఎవరికీ పట్టదు. అవసరం గట్టిదైతే మైల దానంతటదే తొలగిపోతుంది. ఇంట్లో మటుకు, మన ఇష్టం సాగే చోట, తిరిగి వచ్చి కూచుంటుంది.

పాత ఇంటి కలప కొత్త ఇంటికి పనికిరాదని వాస్తు చెప్పేవాళ్ళు అంటారు. దీనికి జవాబు మన పొరుగునే ఉంది. అలంపురం వెళ్ళినవాళ్ళు అక్కడి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని చూసే ఉంటారు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో ఉండిన గుడి అది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, రాయి రాయీ విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. అంటే సాక్షాత్తు శివుడే పాత రాళ్ళతో కొత్త చోట ఇల్లు కట్టుకున్నాడు. అదే ముంపులో 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జనం తమ ఇళ్ళను తామే విప్పుకొని దూలాలూ, తలుపులూ, గడపలూ బండ్లకెత్తుకొని పోయారు. ఎత్తుకుపోలేనివి వచ్చిన ధరకు అమ్ముకున్నారు. ఆ గడపల్లో ఒకటి నా వంటింటికి చేరితే దాంట్లో అరిష్టం ఏముంది? అరిష్టం జరిగింది ఆ ఊరికి. గడప దాని నుంచి బయటపడి వచ్చింది. అమ్మకు ఇదే చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. నాలుగో రోజున తనే గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టింది. మన ఆడవాళ్ళు వాదంలో ఓడిపోరు, పసుపుతో పరిష్కరిస్తారు.

ఇక పరువు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పాఠకులు ఆలోచించాలి. ఇంటిస్థలం కొనేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ఇది ఇంతకు ముందు ఎవరిది, అంతకు ముందు ఎవరిది అని. లింకు డాక్యుమెంట్లు ఒక్కటి తగ్గినా వకీలు ఒప్పుకోడు. ముప్పై ఏళ్ళ ఋణభారపు పత్రం తియ్యమంటాడు. పాత యజమానుల పేర్లు ఎంత బారుగా ఉంటే స్థలానికి అంత విలువ. అదే స్థలం మీద వేసుకునే మంచానికి పాత యజమాని ఒక్కడున్నా నామోషీ. బంగారం సంగతీ అంతే. మెడలోని గొలుసులో ఎందరి తాళిబొట్లు కరిగాయో కంసాలికి కూడా తెలియదు, మనకు అక్కర్లేదు. కనుక పరువు పోయేది వస్తువు పాతదైనందుకు కాదు, పాతదని పదిమందికీ కనిపించినందుకు. కరిగితే బంగారం, పత్రమైతే భూమి, తుప్పు గీత ఉంటే మాత్రం చిన్నతనం.

ఆ లెక్కన మన రాయచూరుకే పరువు ఉండకూడదు. ఇక్కడి కోటలో 1294 నాటి కాకతీయుల కాలపు తెలుగు శాసనం ఉంది. ఆ తరువాత కోట బహమనీలదైంది, విజయనగరానిదైంది, బిజాపూరుదైంది. 1520లో కృష్ణదేవరాయలు దీనికోసమే యుద్ధం చేశాడు. 1853లో నిజాము ఈ అంతర్వేదిని కంపెనీవాళ్ళకు అప్పగించాడు, 1860లో తిరిగి తీసుకున్నాడు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం పోయి మైసూరు వచ్చింది, 1973లో అది కర్ణాటక అయింది. అప్పటిదాకా మన జిల్లాలోనే ఉండిన గద్వాల, అలంపురం తాలూకాలు 1956లో ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి. ఇక్కడి పాత తెలుగువాళ్ళు ఉన్నచోటనే ఉన్నారు. ఇల్లే చేతులు మారింది. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక ఎడమకాలువ నీళ్ళ వెంట కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న మా తాతలవంటివాళ్ళు, ఇతరులు దున్నిన నేలను కొని దున్నారు. ఇంత చేతులు మారిన నేల మీద కూచొని మంచం కొత్తదేనా అని అడగడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

ఇప్పుడు మూడోదానికి వస్తాను. అసలు చెప్పదలచుకున్నది ఇదే.

వస్తువు ఒక చేతిని రెండు విధాలుగా విడిచిపెడుతుంది. ఒకటి, అవసరం తీరి వదలడం. బదిలీ అయినవాడు మంచం అమ్ముతాడు. కొత్త ఊళ్ళో ఇంకో మంచం కొంటాడు. పిల్లలు పెద్దవాళ్ళయితే ఉయ్యాల అటక ఎక్కుతుంది, అటక నిండితే అంగడికి పోతుంది. ఇందులో ఎవరికీ నొప్పి లేదు. రెండోది, అవసరం తీరకుండానే ఊడిరావడం. క్యాంపు నుంచి వచ్చిన సామాను అలాంటిది. ఆ కుటుంబం కౌలుకు చేసేది. కాలువ చివరి భూములు. చివరి భూములంటే మానవి, రాయచూరు రైతులకు వేరే వివరించనక్కర్లేదు. కాగితం మీద నీళ్ళుంటాయి, మడిలో ఉండవు. రెండు పంటలు వరసగా దెబ్బతిని, అప్పులు మీదపడి, వాళ్ళు బెంగుళూరుకు కూలికి పోతున్నారు. తెల్లవారుజాము బస్సు. ముందురోజు సాయంత్రం సామాను వాకిట్లో పెట్టారు. గుజరీవాడు వచ్చి ఇత్తడిని తూకానికీ, కర్రను కట్టెల ధరకూ అడిగిపోయాడు. రోలును ఊరికే ఇచ్చినా మోసుకుపోనన్నాడు.

ఇక్కడ ధర ఎంత? అంగడి శాస్త్రం ప్రకారం జవాబు తేలిక. అమ్మేవాడు ఒప్పుకున్నదే ధర. గుజరీవాడి కంటే పది రూపాయలు ఎక్కువిచ్చినా నేను ఉపకారినే అవుతాను. మనసుకు ఇది సరిపడలేదు. ఎందుకో కొన్నాళ్ళు ఆలోచించాను.

మన చట్టమే ఈ సంగతిలో ఒక మాట చెప్తుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు, 60వ సెక్షను. బాకీ కింద కోర్టువారు జప్తు చెయ్యకూడనివాటి జాబితా అందులో ఉంది. బాకీదారుకూ, అతని భార్యాపిల్లలకూ అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలూ పరుపులూ, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయరాని నగలు, చేతిపనివాడి పనిముట్లు, సేద్యగాడి సేద్యపు సామాను, బతుకుతెరువుకు కావలసిన పశువులు, విత్తనపు గింజలు. తెల్లవాళ్ళ కాలంలో రాసిన కరకు చట్టం. అది కూడా వంటపాత్ర దగ్గరా మంచం దగ్గరా ఆగింది. బాకీ ఎంత న్యాయమైనదైనా కొన్ని వస్తువులు మనిషి నుంచి విడదీయరానివని ఒప్పుకుంది. కాని ఈ రక్షణ కోర్టు అమీను నుంచి మాత్రమే. కరువు నుంచీ, వడ్డీ నుంచీ, తెల్లవారుజాము బస్సు నుంచీ ఏ సెక్షనూ కాపాడదు. అమీను ముట్టకూడని గుండిగను నేను "ఇష్టపూర్వకంగా" కొనుక్కోవచ్చు. ఆ ఇష్టం ఎవరిదన్నదే ప్రశ్న.

దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్తాను. సాదా బతుకుకు గురువుగా మనం చెప్పుకునే అమెరికా రచయిత థోరో 1845లో కాంకర్డ్ ఊరి బయట వాల్డెన్ చెరువు ఒడ్డున తన చేతులతో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఖర్చు మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని 1854లో అచ్చయిన తన పుస్తకంలో పైసాతో సహా లెక్క రాశాడు. ఆ లెక్కలో వాడిన కిటికీలు రెండున్నాయి, వెయ్యి పాత ఇటుకలున్నాయి. పలకల కోసం రైలుమార్గంలో పనిచేసే ఒక ఐరిష్ కూలీ, జేమ్స్ కాలిన్స్ అనేవాడి గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొన్నాడు. మర్నాడు తెల్లవారుతూనే ఖాళీ చెయ్యాలని ఒప్పందం. దారిలో ఆ కుటుంబం ఎదురైంది. పరుపూ, కాఫీ మరా, అద్దమూ, కోళ్ళూ, ఉన్నదంతా ఒక్క మూటలో. పిల్లి మాత్రం రాలేదు, అడవి పట్టింది. థోరో ఇదంతా దాచకుండా రాశాడు, అది అతని నిజాయితీ. ఆ గుడిసెను ఆ ఉదయమే విప్పి, మేకులు పీకి, పలకలను చెరువు ఒడ్డుకు చేర్చి ఎండబెట్టాడు. కాని ఆ మూట ఎక్కడికి పోయిందో అతని లెక్కలో లేదు. తక్కువతో బతకడం ఎలాగో లోకానికి నేర్పిన ఇంటి గోడలు, తక్కువతో బతకక తప్పని మనిషి ఇంటి నుంచి వచ్చినవి. నేను థోరోను తప్పుపట్టడం లేదు. అతను అడిగిన ధర ఇచ్చాడు. కాని సాదా బతుకు ఒకడికి ఎంపిక, ఇంకొకడికి గతి. రెండూ ఒకే పలకలతో కట్టవచ్చు. ఈ తేడా మరిచిపోతే పాత సామాను కొనడం కూడా ఒక రకం దర్జా అయిపోతుంది.

అయితే కొనకూడదా? కొంతమంది మిత్రులు ఆ మాటే అన్నారు. కష్టంలో ఉన్నవాడి సామాను ముట్టకు, చెయ్యగలిగితే సాయం చెయ్యి, లేకపోతే ఊరుకో అని. వినడానికి ఉన్నతంగా ఉంది. కాని నేను చేతులు ముడుచుకు కూచుంటే వాళ్ళ గుండిగ తూకానికి పోతుంది, ఉయ్యాల పొయ్యిలోకి పోతుంది. నా శుభ్రత ఖర్చు వాళ్ళు భరిస్తారు. పోనీ ఎందుకు అమ్ముతున్నావని విచారించి, కథంతా విని కొందామా? అదీ నాకు నచ్చదు. అమ్మేవాడు సామాను అమ్ముతున్నాడు కాని తన కథ అమ్మడం లేదు. దుఃఖం చెప్పించుకొని ధర పెంచడం, భిక్షం వేసే ముందు పాట పాడించుకోవడం వంటిది.

చివరకు నాకు తోచిన కొలత ఒక్కటే. తొందర ఎవరిది అని చూడాలి. బదిలీ ఉద్యోగి దగ్గర నేను గట్టిగానే బేరమాడాను. అతనికి నెల గడువుంది, నేను కాకపోతే ఇంకొకరు వస్తారు. ఇద్దరం సమానం. నవ్వుతూ బేరమాడుకున్నాం, టీ తాగాం. క్యాంపు వాకిట్లో తొందర వాళ్ళది. తెల్లవారితే బస్సు. అలాంటి చోట తగ్గే ధర వస్తువు విలువ తగ్గినందువల్ల తగ్గదు, గడియారం ముల్లు కదిలినందువల్ల తగ్గుతుంది. ఆ తగ్గిన మేర వస్తువుది కాదు, కాలానిది. అవతలివాడి కాలాన్ని నేను జేబులో వేసుకోకూడదు. కనుక ఆ సామాను రాయచూరు అంగట్లో ఏ ధరకు దొరుకుతుందో ఆ ధర లెక్కకట్టి, ట్రాక్టరు బాడుగ మాత్రం తీసేసి ఇచ్చాను. ఇది దానం కాదు, దయా కాదు. గంజ్‌లో కాటా సరిచేసి తూచడం వంటిది. తూనిక సరిగ్గా ఉందని ఎవరూ దండ వెయ్యరు.

ఒక మిత్రుడు, మంచి తార్కికుడు, ఇది విని, "నాలుగొందలు ఎక్కువిచ్చి సామానుతో పాటు మనశ్శాంతి కూడా కొనుక్కున్నావు. చవకబేరమే," అన్నాడు. ఆ మాటలో పదును ఉంది. వాళ్ళ పొలానికి నీళ్ళు రాకపోవడాన్ని నా నాలుగొందలు బాగుచెయ్యవు. కాలువ తలకట్టులో ఎక్కువ తోడుకునే చేతులూ, కౌలుదారును లెక్కలోకి తీసుకోని కాగితాలూ అలాగే ఉన్నాయి. ధర న్యాయంగా ఉన్నంతమాత్రాన అమ్ముకోవలసిరావడం న్యాయమైపోదు. నేను అతనితో అన్నది ఇంతే. పెద్ద అన్యాయం నా చేతిలో లేదు కనుక చిన్నది చేసుకోవచ్చునన్న హక్కు నాకు రాదు. మనశ్శాంతి అంటావా, అది రానూ లేదు. ఉయ్యాల చూసినప్పుడల్లా ఆ వాకిలి గుర్తుకు వస్తూనే ఉంది. రావాలి కూడా.

గుండిగ సంగతి ఒకటి మిగిలింది. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా తెలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఫలానా చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతికి మేనమామ ఇచ్చినది అని. పేరు ఇక్కడ రాయను, అది ఆమెది. కళాయి వేసేవాడు చూసి, "పేరు కొట్టేసి మీ పేరు వేస్తా సారూ, పది నిమిషాల పని," అన్నాడు. వద్దన్నాను. డబ్బిచ్చి కొన్నది పాత్రను. మేనమామ ముచ్చటను నేను కొనలేదు, వాళ్ళు అమ్మలేదు. పేరు చెరిపేస్తే పాత్ర నాది కాదు, ఎవరిదీ కాకుండా పోతుంది. మనకు ముందు ఇంకొకరున్నారని చెప్పే అక్షరాలు ఇంట్లో నాలుగు ఉంటే నష్టమేమీ లేదు.

లాభం మాత్రం అనుకోకుండా ఒకటి కలిగింది. మా అమ్మాయి కన్నడ మీడియంలో చదువుతున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది కాని చదవడం రాదు. మన పల్లెటూళ్ళ తెలుగు పిల్లలందరి సంగతీ ఇదే గదా! ఒకనాడు గుండిగ ముందు కూచొని, కన్నడం తలకట్టుకూ తెలుగు తలకట్టుకూ తేడా పోల్చుకుంటూ, వేలితో తడుముతూ ఆ పేరంతా చదివింది. తరువాత, "ఈమె ఎవరు నాన్నా, మనకేమవుతుంది?" అని అడిగింది.

ఏమీ కాదు అనబోయి ఆగాను. మన బియ్యం ఉడికే పాత్ర ఆమెది. ఆమె బిడ్డ ఊగిన ఉయ్యాలలో మా చిన్నవాడు ఊగుతున్నాడు. ఇన్ని ఉండి ఏమీ కాదనడం ఎలా? మనకు మేనత్తా పిన్నీ అని పేర్లున్నాయి కాని, మనకు ముందు మన వస్తువులు వాడినవాళ్ళకు వరస లేదు. ఉంటే బాగుండును. వరస ఉన్నచోట బేరం కాస్త జాగ్రత్తగా సాగుతుంది.

మా ఇంటి సామాను కూడా ఏదో ఒకనాడు వాకిట్లోకి వస్తుంది. బదిలీ మీద వస్తుందో, పంపకాల్లో వస్తుందో, తొందరలో వస్తుందో చెప్పలేను. కొనడానికి వచ్చేవాడు మంచి మనసున్నవాడే కావాలని నేను కోరను. కాటా సరిగ్గా పట్టుకుంటే చాలు.